క్లచ్ లేని కారులో ఉదయగిరికి

సినిమాలో హీరో కారెక్కాడంటే కెమెరా ఏం చూపిస్తుంది? స్టీరింగు మీద ఒక చెయ్యి, గేరు రాడ్డు మీద ఒక చెయ్యి, ఆ వెంటనే క్లోజప్పులో కాలు! కాలు క్లచ్ తొక్కుతుంది, గేరు పడుతుంది, దుమ్ము లేస్తుంది, విలన్ల జీపు వెనకబడుతుంది. హాల్లో ఈలలే ఈలలు! మరి క్లచ్చే లేని కారైతే? పాపం, ఆ కెమెరామన్ ఏ కాలికి క్లోజప్పు పెట్టాలి?

నాకీ అనుమానం సినిమా చూస్తుంటే రాలేదు. మా నాయన ఎడమ మోకాలి వల్ల వచ్చింది.

మా నాయన ఆత్మకూరులో ఇరవై యేళ్ళకు పైగా అంబాసిడర్ ట్యాక్సీ నడిపాడు. స్టీరింగు పక్కనే గేరు రాడ్డు ఉండే పాతకాలం బండి. పెళ్ళివారు, రోగులు, కోర్టు వాయిదాలకు వెళ్ళేవారు... ఆయన ఎక్కించుకోని వారంటూ లేరు. కానీ ఆయన గొప్పగా చెప్పుకునే సవారీ ఇంకొకటుంది. అదేమిటంటే సినిమా పెట్టె! ఆత్మకూరులో ఆట ఎత్తేసిన సినిమా ఉదయగిరికి వెళ్ళాలంటే ఆ రీళ్ళ పెట్టెలు ఒక్కోసారి నాయన డిక్కీలోనే వెళ్ళేవి. "హీరోయిన్లంతా నా బండెక్కినోళ్ళే రా!" అంటాడు ఇప్పటికీ.

అలాంటి మనిషి రెండేళ్ళుగా స్టీరింగు ముట్టుకోలేదు. మోకాలికి ఆపరేషను అయింది. నడక బాగానే ఉంది. "డ్రైవింగు చెయ్యొచ్చు గానీ, ఆ ఎడమకాలితో పదే పదే క్లచ్ తొక్కడం వద్దు" అన్నారు డాక్టరుగారు. ఇంట్లో ఉన్న పాత కారు అమ్మేశాం. అప్పట్నుంచీ సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని వచ్చే పోయే బండ్ల గేర్లు వింటూ ఉంటాడు. "వాడు సెకండులో పోవాల్సిన చోట థర్డులో పోతా ఉండాడు" అని తనలో తాను అనుకుంటాడు. లైసెన్సు మాత్రం మానకుండా రెన్యువల్ చేయించుకున్నాడు. యాభై అయిదు దాటినవారికి అది అయిదేళ్ళకోసారి చేయించుకోవాలి. నడపని మనిషికి లైసెన్సు ఎందుకని మా అమ్మ అడిగితే, "ఉండనీలే" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత ఆశ ఉందో నాకు అప్పుడు తెలిసింది.

ఆటోమేటిక్ కారు కొందామా అనే ఆలోచన అలా పుట్టింది. కొనాలంటే నేను దాచుకున్నదంతా తీసి, పైన బ్యాంకు లోను కూడా పెట్టాలి. అంత పెట్టి కొన్నాక నాయన "ఇదేం బండిరా, బొమ్మ!" అని పక్కన పెడితే? అందుకని నెల్లూరులో ఉండే మా బావను అడిగాను. ఆయన దగ్గర ఆటోమేటిక్ ప్రీమియం హ్యాచ్‌బ్యాకు ఒకటుంది. "ఆదివారం ఒక్కరోజు తీసుకుపో. గీత పడిందో, మీ అక్కతో నాకు పడదు" అని తాళం ఇచ్చాడు. అది ఏ కంపెనీదో మాత్రం చెప్పను. పొగిడితే ఆ కంపెనీ వాళ్ళు నాకేమీ ఇవ్వరు, తిడితే మా బావ ఊరుకోడు!

తారాగణం

కారెక్కే ముందు నటీనటుల పరిచయం. హ్యాచ్‌బ్యాకు అంటే డిక్కీ తోకలాగా బయటికి పొడుచుకు రాని కారు. వెనక తలుపు పైకి లేస్తుంది. అందులోనే కాస్త పెద్దవి, కాస్త షోకైనవి ఈ ప్రీమియం రకం. మన రోడ్ల మీద తిరిగే వాటిలో ఐ20 2008లో, బలేనో 2015లో, గ్లాంజా 2019లో, ఆల్ట్రోజ్ 2020లో వచ్చాయి. పోలో, జాజ్ కూడా ఈ జట్టులోవే. కొత్తవి అమ్మడం ఆపేశారు గాని వాటి అభిమాన సంఘాలు ఇంకా ఉన్నాయి!

ఇవన్నీ నాలుగు మీటర్లకు ఒక వేలెడు తక్కువ పొడవుంటాయి. బలేనో 3,990 మిల్లీమీటర్లు, ఐ20 3,995. ఏమిటీ పొదుపు అంటారా? పన్ను! నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సి.సి. లోపు పెట్రోలు ఇంజను ఉంటే చిన్నకారు కింద లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి కార్ల మీద జి.ఎస్.టి. 18 శాతానికి దిగింది. అంతకు ముందు 28 శాతం, దాని మీద సెస్సు. ఆ తగ్గుదల లేకపోతే నేను ఈ ప్రయాణమే పెట్టుకునేవాణ్ణి కాదు.

ఇక ఆటోమేటిక్ గేర్లు. ఈ కార్లలో ముఖ్యంగా మూడు రకాలు. సినిమా భాషలో చెబుతాను, వినండి.

మొదటిది ఎ.ఎం.టి. ఇది డూపు! లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. ఫైటులో హీరో బదులు డూపు దూకినట్టు, మన కాలి బదులు ఒక చిన్న యంత్రం క్లచ్ తొక్కుతుంది, గేరు వేస్తుంది. మన దేశంలో దీన్ని సామాన్యుడి దగ్గరికి తెచ్చింది 2014లో వచ్చిన సెలేరియో. ఇప్పటి బలేనో, గ్లాంజాలలో ఉన్నదీ ఇదే. మామూలు గేర్ల కారు కంటే సుమారు 50 వేలు ఎక్కువ పెడితే వస్తుంది.

రెండోది సి.వి.టి. ఇది కట్ లేకుండా తీసిన పాట. ఇందులో ఒకటో గేరు, రెండో గేరు అనే మెట్లే లేవు. రెండు కప్పీలు, మధ్యలో ఒక బెల్టు. కప్పీలు వెడల్పు, సన్నం అవుతూ ఉంటే వేగం జారుతున్నట్టు పెరుగుతుంది. కుదుపు అనేదే లేదు. కానీ గట్టిగా తొక్కితే ముందు ఇంజను అరుస్తుంది, ఆ తర్వాత గాని కారు కదలదు. ఐ20లో ఒక రకానికి ఇది ఉంది.

మూడోది డి.సి.టి. దీన్ని సినిమా హాల్లో ఆపరేటరుగారి గదిలోకి తొంగి చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. రెండు ప్రొజెక్టర్లు! ఒకదాని మీద మొదటి రీలు ఆడుతుంటే, రెండోదాని మీద తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచుతారు. టక్కున మార్చేస్తారు, బొమ్మ ఆగదు. అలాగే ఇందులో రెండు క్లచ్చులు. ఒకటి, మూడు, అయిదు గేర్లకు ఒకటి, రెండు, నాలుగు, ఆరు గేర్లకు మరొకటి. ఆల్ట్రోజ్‌లో 2022లో వచ్చింది. దీనికి గాని సి.వి.టి.కి గాని మామూలు దానికంటే లక్ష దాకా, ఒక్కోసారి ఆ పైన కూడా ఎక్కువ పెట్టాలి. చెడిపోతే రిపేరు ఖర్చు కూడా అదే దామాషాలో ఉంటుంది.

మా బావ కారులో ఉన్నది మొదటిది. డూపు.

నెల్లూరు నుంచి ఆత్మకూరు

తెల్లవారుజామున బయల్దేరాను. బ్రేకు తొక్కి పట్టుకుంటే గాని స్టార్టు కాదు. రాడ్డు 'డి'లోకి లాగి బ్రేకు వదిలానో లేదో, కారు పిల్లిలాగా తనే ముందుకు పాకింది. నా ఎడమకాలు మాత్రం కొత్త అల్లుడిలా ఏం చెయ్యాలో తెలియక ముడుచుకు కూర్చుంది.

పెన్న వంతెన దాటి కోవూరు మీదుగా బుచ్చిరెడ్డిపాలెం. ఆదివారం పొద్దున్నే అయినా బుచ్చి బజార్లో ట్రాక్టర్లు, ఆటోలు, సైకిలు మీద పాల క్యాన్లు, వాటి మధ్య తొందర లేని ఒక గేదె. ఇదే దారిలో మామూలు కారు నడిపినప్పుడు పావుగంటలో క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతామో లెక్కుండదు. ఇప్పుడు కుడికాలు ఒక్కటే అటూ ఇటూ. బ్రేకు వదిలితే పాకుతుంది, తొక్కితే ఆగుతుంది. మొదటి మార్కు ఇక్కడే వేసేశాను. ఊళ్ళో, రద్దీలో, ఈ కారుకు తిరుగు లేదు.

సంగం దగ్గర పెన్న మీద 2022లో ప్రారంభించిన కొత్త బ్యారేజీ. కాసేపు ఆగి నీళ్ళు చూసి మళ్ళీ ఎక్కాను. ఇది 67వ నంబరు జాతీయ రహదారి. కృష్ణపట్నం రేవు నుంచి ఆత్మకూరు, బద్వేలు మీదుగా కర్ణాటక దాకా పోతుంది. అందుకని లారీలకు కొదవ లేదు. అసలు పరీక్ష ఇక్కడే.

ముందు ఒక లోడు లారీ. దాన్ని దాటాలని ఉన్నట్టుండి గట్టిగా తొక్కాను. ఒక క్షణం... ఏమీ లేదు! డూపుగారు లోపల ఆలోచిస్తున్నారు. క్లచ్ తొక్కాలి, గేరు తగ్గించాలి, క్లచ్ వదలాలి. ఆ తర్వాత ఒక ఊపు. ఆ ఒక్క క్షణం ఎదురుగా బస్సు వస్తుంటే ఎంత పొడవుగా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది! వెనక్కి తగ్గి మళ్ళీ లారీ వెనకే చేరాను. మైనస్ మార్కు. అంతేకాదు, మామూలుగా వేగం పెంచేటప్పుడు కూడా ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు మారేటప్పుడు తల చిన్నగా ముందుకు ఊగుతుంది, 'అవునవును' అన్నట్టు.

మైలేజీలో మాత్రం ఈ రకానికి వంక పెట్టలేం. ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగుతుందని పాత మాట. బలేనో లెక్కే చూడండి. కంపెనీ ప్రకటించిన పరీక్ష లెక్కల్లో మామూలు గేర్లకు లీటరుకు 22.35 కిలోమీటర్లు, ఎ.ఎం.టి.కి 22.94. డూపు హీరో కంటే కాస్త పొదుపరి అన్నమాట! నిజం రోడ్డు మీద అంత రాదు గాని, రెండింటికీ తేడా మాత్రం పెద్దగా ఉండదు.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి

ఆత్మకూరులో ఇంటి ముందు హారను కొట్టేసరికి నాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని సిద్ధంగా ఉన్నాడు. అమ్మ పెట్టిన కారం దోసెలు తిన్నాం. నాయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. టైర్లు తన్ని చూశాడు. డిక్కీ ఎత్తి చూశాడు.

"సినిమా పెట్టెలు ఎన్ని పడతాయిరా ఇందులో?"

"మూడొందల లీటర్లకు కాస్త పైనే నాయనా."

"లీటర్లేందిరా, పాలా?"

లోపలికి తల పెట్టి కింద చూశాడు. రెండే పెడళ్ళు. చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. ఎడమవైపు సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు. "నువ్వే తోలు" అన్నాడు.

సోమశిల డ్యాము ఇక్కడికి దగ్గరే. పెన్న మీద 78 టి.ఎం.సి.ల ప్రాజెక్టు. అంత నీళ్ళు పక్కనే ఉన్నా, ఉదయగిరి వైపు సాగేకొద్దీ పచ్చదనం పలచబడుతుంది. ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు, తుమ్మచెట్లు. పొగాకు ఈ మెట్టప్రాంతం పంట. మర్రిపాడు మండలం డి.సి. పల్లిలో వేలం కేంద్రం ఉంది. వేలం రోజుల్లో ఈ దారుల్లో పొగాకు వాసన లారీల కంటే ముందే వస్తుందని నాయన చెప్పాడు.

ఊరూరికీ స్పీడు బ్రేకర్లు. కొన్ని రోడ్డు వేసినవాళ్ళవి, కొన్ని ఊరివాళ్ళు సొంతంగా పోసుకున్నవి. ఈ రకం కార్లకు కింద ఖాళీ 165, 170 మిల్లీమీటర్లు ఉంటుంది. నిదానంగా ఎక్కిస్తే తగల్లేదు. ఒక్కచోట మాత్రం తొందరపడితే అడుగున 'గర్‌ర్' అంది. నాయన కళ్ళు మూసుకున్నాడు, తనకే తగిలినట్టు. "అంబాసిడరైతే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చెయ్యడానికి ఇప్పుడు అంబాసిడరే లేదు. 2014లో దాని ఫ్యాక్టరీ మూతపడింది.

అన్నట్టు, ఏ.సి. గురించి చెప్పలేదు కదూ? ఈ ఎండలో అదొక వరం. సీట్లు మెత్తన. సీటు బెల్టు పెట్టుకోకపోతే ఊరుకోకుండా అరుస్తుంది. "మీ అమ్మ లాగే ఉండాది" అన్నాడు నాయన. అప్పుడే మొదటిసారి నవ్వాడు.

రాయలవారికి పట్టిన ఏడాదిన్నర

ఊరు ఇంకా రాకముందే దుర్గం కొండ కనిపిస్తుంది. మూడువేల అడుగులకు పైగా ఎత్తు. దాని ఒంటి మీద గోడలు. ఇది గజపతుల కోట. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే 1514లో గాని చేతికి రాలేదు. ఏడాదిన్నర! పైకి పోవడానికి ఒకే ఒక సన్నని దారి ఉండేదట. ఒకరి వెనక ఒకరు తప్ప ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. రాయలవారు కొండరాళ్ళు పగలగొట్టించి సైన్యం కోసం వెడల్పు దారులు వేయించారని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాసిపెట్టాడు. ఇక్కడి గుళ్ళోని బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలవారు హంపీకి తీసుకువెళ్ళి, 1515లో గుడి కట్టి ప్రతిష్ఠించారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

రాయలవారంటే మన సినిమావాళ్ళకు గుర్తొచ్చేది 'ఆదిత్య 369'. 1991లో వచ్చిన ఆ సినిమాలో హీరో టైమ్ మెషీన్ ఎక్కి రాయలవారి కాలానికి వెళ్తాడు. అది తీసిన సింగీతం శ్రీనివాసరావుగారు మన నెల్లూరు జిల్లా మనిషే. ఆలోచిస్తే ఆ టైమ్ మెషీన్‌కు కూడా క్లచ్ ఉన్నట్టు లేదు! అదే సింగీతంగారు 1987లో 'పుష్పక విమానం' తీశారు. ఒక్క డైలాగు లేకుండా సినిమా అంతా నడిపించారు. అప్పుడూ జనం "మాటల్లేకుండా సినిమా ఏమిటి?" అన్నవారే. చూశాక చప్పట్లు కొట్టినవారూ వారే. మాటల్లేకుండా సినిమా నడిచినప్పుడు క్లచ్ లేకుండా కారు నడవదా అని నాయనతో అన్నాను.

"సినిమాకు బ్రేకు పడకపోయినా ఎవురూ చావరు గదరా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కొండ పాదం దగ్గర కాస్త ఏటవాలులో కారు ఆపాల్సొచ్చింది. ఇక్కడొక ముఖ్యమైన సంగతి. సి.వి.టి., డి.సి.టి.లలో పార్కింగుకు 'పి' అని ఒక స్థానం ఉంటుంది. ఎ.ఎం.టి.లో సాధారణంగా అది ఉండదు. కాబట్టి న్యూట్రల్లో వదిలేసి దిగిపోకూడదు. కారు గేరులో ఉండగానే ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు గట్టిగా లాగాలి. నేను మర్చిపోయి న్యూట్రల్లో పెట్టాను. నాయన దిగినవాడు దిగినట్టే వంగి ఒక రాయి తెచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. "ఏ బండైనా ఎత్తులో రాయి పెట్టాల. ఇది మెషీను గాదు, మన అలవాటు" అన్నాడు.

కోట పైకి కారు పోదు. నడవాల్సిందే. నాయన కొండ వైపు చూసి, మోకాలి వైపు చూసి, "నువ్వు పో" అన్నాడు. నేను కాస్త దూరం ఎక్కి, ఎండకు తాళలేక దిగి వచ్చాను. వచ్చేసరికి ఆయన ఊళ్ళో కొయ్య చెంచాలు బేరమాడుతున్నాడు. ఉదయగిరి కొయ్య చెంచాలు తెలుసుగా? ఈ దుర్గం అడవుల్లో దొరికే నర్ది, దేవదారి వంటి కర్రతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెక్కేవారిలో ఆడవాళ్ళే ఎక్కువ. అమ్మ కోసం ఒక డజను చెంచాలు, రెండు గరిటెలు కొని కాగితంలో చుట్టి వెనక సీట్లో పెట్టాం.

నాయన చేతికి తాళం

ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నచోట కారు పక్కకి ఆపి దిగాను. తాళం ఆయన చేతిలో పెట్టాను.

"నాకొద్దు."

"ఒక్క కిలోమీటరు, నాయనా."

మాట్లాడకుండా అటువైపు వచ్చి కూర్చున్నాడు. అద్దం సర్దుకున్నాడు. స్టీరింగుకు దణ్ణం పెట్టుకున్నాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, రెండేళ్ళ తర్వాత! కారు పాకింది. నెమ్మదిగా ఇరవై, ముప్ఫై, నలభై. ఆయన ముఖం చూడాలని ఉంది గాని చూస్తే సిగ్గుపడతాడని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది గొర్రెల మంద.

ముళ్ళకంప పక్కనుంచి ఒక్కసారిగా రోడ్డు మీదికి. నాయన ఇరవై యేళ్ళ అలవాటు ప్రకారం రెండు కాళ్ళూ తొక్కాడు. ఎడమకాలు క్లచ్ అనుకుని తొక్కింది కూడా బ్రేకు పెడలే! కారు మేకు దిగ్గొట్టినట్టు ఆగింది. బెల్టులు మమ్మల్ని పట్టుకున్నాయి. వెనక సీట్లో కాగితం చిరిగి, పన్నెండు చెంచాలు, రెండు గరిటెలు కారంతా ఎగిరాయి. ఒక గరిటె వచ్చి నాయన భుజానికి తగిలింది. అదృష్టం, మా వెనక ఏ బండీ లేదు. ఉండి ఉంటే ఈ వ్యాసం ఇంకో రకంగా రాయాల్సి వచ్చేది.

గొర్రెలు వెళ్ళిపోయాయి. నాయన ఇంజను ఆపేశాడు. చేతులు వణుకుతున్నాయి. "నేను జెప్పలా? నాతో గాదు. నువ్వే తోలుకో" అని తాళం నా ఒళ్ళో పడేశాడు.

నేను ఆ తాళం తీసుకుని ఉంటే కథ అక్కడే ముగిసేది. నిజం చెప్పాలంటే తీసుకుందామనే అనిపించింది. భయం నాకూ వేసింది. కానీ అది చేతకానితనం కాదు, అలవాటు. క్లచ్ బండి నడిపిన ప్రతివాడూ మొదటిరోజు చేసే తప్పు ఇదే. పొద్దున నా ఎడమకాలు కూడా రెండుసార్లు లేచింది. రోడ్డు దిగి పక్కనే ఉన్న ఖాళీ బీడులోకి కారు తీసుకుపోయాను. "ఎడమకాలు సీటు కిందికి మడిచి పెట్టుకో నాయనా. ఆ కాలికి ఇవాళ సెలవు" అన్నాను.

ఆ బీడులో అరగంట తిరిగాం. పోవడం, ఆగడం. పోవడం, ఆగడం. పదిసార్లయ్యాక ఎడమకాలు లేవడం మానేసింది. చెంచాలు ఏరుకుంటూ నేను లెక్కపెట్టాను. ఒకటి తగ్గింది, పదకొండే దొరికాయి.

మళ్ళీ రోడ్డెక్కాం. ఈసారి ఒక వింత జరిగింది. నేను నడిపినప్పుడు తల ఊగింది చూశారూ, ఆ ఊపు లేదు! గమనించి చూస్తే, వేగం అందుకునేటప్పుడు సరిగ్గా గేరు మారబోయే ముందు నాయన కుడిపాదం కాస్త పైకి తీస్తున్నాడు. అంతే, వెన్నలో కత్తిలాగా గేరు మారుతోంది.

"ఎట్టా తెలిసింది నాయనా?"

"ఇంజను చెప్తా ఉండాది గదరా. నీకు వినబళ్ళా?"

అరుగు మీద కూర్చుని రెండేళ్ళు వచ్చే పోయే బండ్లు విన్న చెవులవి. నా కాలి బదులు యంత్రం వచ్చింది, సరే. కానీ ఆ యంత్రానికి ఎప్పుడు ఏం కావాలో వినే చెవి బదులు ఏదీ రాలేదు.

ఒక ఎత్తు ఎక్కేచోట కారు గేరు కోసం తడబడుతుంటే, రాడ్డు పక్కకు నెడితే 'ఎం' ఉంటుందని, అందులో గేరు మనమే పైకీ కిందికీ వేసుకోవచ్చని చూపించాను. ముందే రెండోదానికి దించి ఒక్క ఊపులో ఎక్కించాడు. ఆ తర్వాత ఒక ట్రాక్టరును దాటాల్సొస్తే, చాలా ముందుగానే 'ఎం'లోకి తెచ్చి, గేరు దించి, రోడ్డు ఖాళీ అయ్యాకే దాటాడు. పొద్దున నేను లారీ వెనక పడ్డ తిప్పలు గుర్తొచ్చి సిగ్గేసింది.

లెక్కలు

సరే, మీలో ఎవరైనా ఇలాంటి కారు కోసం తిరుగుతుంటే మా ఆదివారం లెక్క ఇది.

ప్లస్: ఊళ్ళో, రద్దీలో కాలికి సుఖం. మోకాలి నొప్పి ఉన్నవారికి మళ్ళీ స్టీరింగు ముందు చోటు. డాక్టరును అడిగాకే సుమా! ఎ.ఎం.టి. అయితే పెట్రోలు ఖర్చు పెరగదు, కొనే ధర మరీ ఎక్కువ కాదు. లోపల నిండా గేర్ల కారు సామానే గనక మెకానిక్కుకు మరీ కొత్త కాదు.

మైనస్: గేరు మారేటప్పుడు ఊపు. లారీని దాటేటప్పుడు ఆలస్యం. పార్కింగుకు 'పి' లేదు. గేరు పెట్టే ఆ చిన్న యంత్రం మొరాయిస్తే ఉదయగిరిలో చూసేవాళ్ళు దొరకడం కష్టం, నెల్లూరు దాకా పోవాలి. ఊపు అసలే వద్దనుకుంటే సి.వి.టి., చురుకు కావాలంటే డి.సి.టి. ఉన్నాయి. కానీ ఆ లక్ష రూపాయలు మీ జేబు అడిగి పెట్టండి. వీటన్నిటికంటే పెద్ద మైనస్సు కారులో లేదు, మన ఎడమకాల్లో ఉంది. ఖాళీ బీడులో అరగంట తిరక్కుండా మాత్రం రోడ్డెక్కకండి. షోరూము చుట్టూ కొట్టించే ఒక్క రౌండు చాలదు.

ఒక్క కిలోమీటరన్న మనిషి ఆత్మకూరు దాకా తనే నడిపాడు. వీధి మలుపులో అరుగుల మీది ముసలివాళ్ళు లేచి నిలబడి చూశారు. నాయన అవసరం లేకపోయినా రెండుసార్లు హారను కొట్టాడు.

ఇంటి ముందు ఆపి, గేరులోనే ఉంచి, ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు లాగాడు. దిగి, వంగి చక్రం కింద రాయి పెట్టాడు. వీధి సమంగానే ఉంది, అయినా పెట్టాడు.

"ఎట్టుంది నాయనా బండి?"

"బాగానే ఉండాది. గేరు మార్చేటప్పుడు నన్ను అడగదు, అదొక్కటే. మెల్లిగా నేర్పిస్తా లే."

అమ్మ చెంచాలు లెక్కపెట్టి ఒకటి తక్కువైందేమని అడుగుతోంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పన్నెండో చెంచా ఇంకా మా బావ కారులోనే ఎక్కడో ఉండాలి. సోమవారం కారు అప్పజెప్పి, అటునుంచి అటే షోరూముకు వెళ్తున్నాను. లైసెన్సు జేబులో పెట్టుకుని నాయన కూడా వస్తానన్నాడు.